పన్నెండు అంశాల్లో విఫలమైన మండెగ

నీలాద్రికోట సంస్థానంలో మూడు వందల ఏళ్ళ కిందట గంధమండెగ అనే తీపి వంటకం ఒకటి ఉండేదని, అది తిన్న పూట రాజుగారు ఎవరికీ శిక్ష వేసేవారు కాదని ఒక తాటాకులో రాసి ఉంది. ఆ తాటాకు దొరికిన మరుసటి ఏడాదే గోదావరి గట్టు పక్కన ఒక అద్దె భవనంలో ప్రభుత్వం వారి చారిత్రక వంటకాల పునఃసృష్టి కేంద్రం వెలిసింది. ఒక డైరెక్టరు, ఇద్దరు డిప్యూటీ డైరెక్టర్లు, నలుగురు పరిశోధకులు, ఒక జీపు, ఒక పొయ్యి. రికార్డులు రాసే సీనియర్ అసిస్టెంటును నేను. వంటమనిషి పేరిందేవమ్మ. మా అందరిలో వంట తెలిసినది ఆవిడ ఒక్కతే కాబట్టి ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం.

అంతకుముందు మా శాఖ క్యాంటీన్లోనూ, తరవాత ఇక్కడా కలిపి ఆవిడకు పదకొండేళ్ళ సర్వీసు. ప్రతి మార్చి ముప్పై ఒకటిన ఆవిడ ఉద్యోగం పోయేది. ఏప్రిల్ ఒకటిన తెల్ల కాగితం మీద బయోడేటా రాయించుకుని వచ్చి వరండాలో నిలబడేది. పొద్దున్న ఆవిడ చేసిన ఉప్మా తిని, మూతి తుడుచుకుని వచ్చిన అధికారులే లోపలికి పిలిచి, "మీకు వంట వచ్చా?" అని అడిగేవారు. "వచ్చండి" అనేది. దాన్ని ఇంటర్వ్యూ అంటారు. పదకొండుసార్లూ ఆవిడ నెగ్గింది.

ఇక తాటాకు సంగతి. "కుండను బోర్లించి, దాని వీపున పిండిని పలచగా పూసి, తగినంత సేపు కాల్చి, పచ్చకర్పూరము, యాలకులు కలిపిన చక్కెర చల్లి, నెయ్యి అద్ది మడవవలెను." అందులో ఉన్నది ఇంతే. ఇందులో 'కుండను బోర్లించి' అన్నచోట మా పరిశోధకులకు అనుమానం వచ్చింది. రెండు రోజులు సదస్సు జరిగింది. వంట చేస్తుండగా ఆనాటి లేఖకుడి కాలు తగిలి కుండ బోర్లాపడి ఉంటుందని, నిజాయితీపరుడు గనక ఆ ప్రమాదాన్ని కూడా రాసిపెట్టాడని తేల్చారు. కుండను సవ్యంగానే నిలబెట్టి పిండి లోపల పోశారు. గోడలకు పోస్టర్లు అంటించే జిగురులాంటిది తయారైంది. 'తగినంత సేపు' అంటే ఎంతసేపో తేల్చడానికి వేసిన ఉపసంఘం ఏకాభిప్రాయానికి వచ్చేలోగా రెండో కుండ, మూడో కుండ మాడిపోయాయి.

పేరిందేవమ్మ మూడు రోజులు టీలు అందిస్తూ ఇదంతా చూసింది. వాళ్ళ ఊరివైపు ఆడవాళ్ళు బోర్లించిన కుండ మీదే పూతరేకులు తీస్తారు. నాలుగో రోజు అందరూ మీటింగులో ఉండగా ఆవిడ కుండ బోర్లించి, సన్న మంట పెట్టి, తడిగుడ్డని పిండిలో ముంచి కుండ వీపున ఒక్క విసురు విసిరింది. మీటింగు ముగిసేసరికి బల్ల మీద ముప్పై మండెగలు ఉన్నాయి. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయాయి. డైరెక్టరు డాక్టర్ చిదానందం గారు ఆరు తిని కళ్ళు తుడుచుకున్నారు.

"ఇదే! మూడు శతాబ్దాల నిశ్శబ్దం ఈనాడు మన నాలుక మీద పలికింది" అన్నారాయన. ఆయన మామూలుగా మాట్లాడినా అలాగే ఉంటుంది.

అదే రోజు మధ్యాహ్నం టపాలో రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది. మా శాఖ కార్యదర్శి గారు ఏదో కొండ ప్రాంతంలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, అపజయాల నుంచి నేర్చుకోవాలని విని, ఆ మాటకు చలించిపోయి వచ్చారట.

"ఇందుమూలముగా సమస్త కార్యాలయములకు తెలియజేయడమేమనగా, వైఫల్యమే విజ్ఞానమునకు మాతృక. కావున ప్రతి కార్యాలయము మూడు మాసములకొకసారి నలభైకి తక్కువ కాకుండా వైఫల్యములు పొంది, ఒక్కొక్క దాని నుండి ఒక పాఠము చొప్పున నేర్చుకొని, నేర్చుకొన్నట్లు ధ్రువీకరించి పంపవలెను. ఒకమారు నేర్చిన పాఠము మరల నేర్వరాదు. వైఫల్యములు లేని కార్యాలయముల అవసరమును పునఃపరిశీలించెదము."

డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివి నన్ను పిలిచారు.

"విరూపాక్షం, మనకు ఇప్పటిదాకా ఎన్ని వైఫల్యాలు?"

"మూడండి."

"ఇవాళ మండెగ కుదిరినట్టు రికార్డులో రాశావా?"

"ఇంకా లేదండి. రాయబోతున్నా."

"రాయకు!" అని కుర్చీలోంచి లేచారు. "కుదిరిందని రాస్తే కేంద్రం లక్ష్యం నెరవేరినట్టు. లక్ష్యం నెరవేరిన కేంద్రంలో నువ్వేం చేస్తావు, నేనేం చేస్తాను? అసలు పొద్దున్న మనం తిన్నది మండెగ అని ఎవరన్నారు?"

"తమరేనండి."

"అది భావోద్వేగం. పదకొండు గంటలకి వంటమనిషి పెట్టింది, మనం తిన్నాం. దాన్ని టిఫిను అంటారు."

రికార్డులో టిఫిను అనే రాశాను. మర్నాడు పేరిందేవమ్మకు మెమో వెళ్ళింది. ఎటువంటి వైఫల్యమూ లేకుండా, పై అధికారుల అనుమతి పొందకుండా పని పూర్తి చేయుటకు గల కారణములను ఏడు దినములలో తెలుపవలెనని అందులో ఉంది. ఆవిడ తీసుకొస్తే నేనే చదివి వినిపించాను.

"అయితే బాగా కుదిరినందుకాండీ ఈ కాయితం?"

"అవునమ్మా."

"ఆయ్. తెలీక చేసేసేనండి. ఈసారికి వదిలెయ్యమని రాసెయ్యండి మీరే" అంది. ఇటువంటి పొరపాటు మళ్ళీ జరగనివ్వనని నేను జవాబు రాస్తే, ఆవిడ కింద సంతకం పెట్టింది.

అప్పటి నుంచి ఆవిడని ప్రయోగాల పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వెనక వసారాలో చిన్న స్టౌ మీద టీ, టిఫిను చేసేది. ప్రయోగాలకు శశాంక్ అనే కుర్రవాడిని తీసుకున్నారు. హోటల్ మేనేజ్‌మెంటు చదివాడు, డైరెక్టరు గారికి మేనల్లుడి వరస. మనిషి మంచివాడే, ఒకరి జోలికి పోడు. చెయ్యి మాత్రం అపూర్వమైనది. అతను నీళ్ళు కాస్తే నీళ్ళే అడుగంటేవి. ఏ రోజూ ముందురోజులా పాడుచేసేవాడు కాదు. కార్యాలయానికి అంతకన్నా కావలసిందేముంది?

పాఠాలు రాసే పని నాది. ఏడో పాఠం: కుండ పగిలినచో వంట ముందుకు సాగదు. పందొమ్మిదో పాఠం: పొగ కమ్మినచో కిటికీ తెరవవలెను; కిటికీ లేనిచో భవనము అద్దెకు తీసుకొనునపుడే చూసుకొనవలెను. అరవై రెండో పాఠం: పిల్లి వాసన చూసి వెళ్ళిపోయిన పదార్థమును డిప్యూటీ డైరెక్టర్లకు వడ్డించరాదు. ఈ చివరిదానికి రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

రుచి చూడ్డం కూడా డ్యూటీయే. అందరం వంతులవారీగా తిని ఫారం నింపి, తిన్నగా వెనక వసారాలోకి వెళ్ళేవాళ్ళం. పేరిందేవమ్మ అడక్కుండానే వేడివేడి పెసరట్టు వేసిచ్చేది. ఆ పెసరట్టే లేకపోతే పాఠాలు రాయడానికి నేను బతికి ఉండేవాణ్ణి కాదు. ఈ మాట ఏ ఫైల్లోనూ రాయలేకపోయాను గాని నిజం.

రెండేళ్ళకు కార్యదర్శి గారికి ఒక సందేహం కలిగింది. ఒక వంటకం విఫలమైందని ఏ ప్రమాణంతో పోల్చి నిర్ణయిస్తున్నారు, ప్రమాణం ఎక్కడుంది, వెంటనే తెలపండి అని ఉత్తరం రాశారు. మొట్టమొదటిసారి ఆయన సరైన ప్రశ్న అడిగారు. అందుకే మా డైరెక్టరు గారికి ముచ్చెమటలు పట్టాయి. కుదిరిన మండెగేమో టిఫిను కింద పోయింది. మూడు వందల ఏళ్ళ కిందటి రుచి చూసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. చివరికి నలుగురు పరిశోధకులూ కూచుని, శశాంక్ చేసిన మూడు వందల పదిహేడు మండెగల కొలతలూ కూడి, సగటు తీశారు. ఆ సగటునే గంధమండెగకు అధికారిక ప్రమాణంగా నిర్ణయించారు. మందం బొటనవేలంత. రంగు బొగ్గుకు దగ్గర. తీపి, ఉన్నట్టు అనుమానం కలిగేంత. విరిస్తే వచ్చే శబ్దం 'టక్' అని, తలుపు గడియ వేసినట్టు. ఇలా మొత్తం పన్నెండు అంశాలు. ఆ కొలతలతో ఒక నమూనా చేయించి అద్దాల పెట్టెలో పెట్టారు. అది ఇవాళ్టికీ పాడవలేదు. చీమ కూడా అటు వెళ్ళలేదు.

ఇంతలో మా కేంద్రానికి శాశ్వత వంటమనిషి పోస్టు ఒకటి మంజూరైంది. అది నిండిన రోజు నుంచీ కాంట్రాక్టు పోస్టు రద్దు. అర్హత: అభ్యర్థికి కనీసం పన్నెండు ధ్రువీకృత వైఫల్యాలు ఉండాలి. శశాంక్‌కి మూడు వందల పదిహేడు ఉన్నాయి. పేరిందేవమ్మకి ఒక్కటీ లేదు.

నేనూ ఆవిడా కలిసి డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాం.

"పదకొండేళ్ళ అనుభవం అంటున్నావు విరూపాక్షం. పదకొండేళ్ళలో ఒక్క వైఫల్యమైనా లేదంటే ఆవిడ ఏం నేర్చుకున్నట్టు? నేర్చుకునే తత్త్వం లేని మనిషిని శాశ్వతం ఎలా చెయ్యగలం?" అన్నారాయన. ఆయన ముందున్న ప్లేట్లో ఆవిడ వేసిన గారెలు ఉన్నాయి.

"నాకేం పెద్ద ఆశల్లేవండి బాబూ. ఒక్క ఏప్రిల్ నెలైనా ఆ వరండాలో నిలబడకుండా చూడాలని ఉంది. అంతేనండి" అంది పేరిందేవమ్మ.

కూచుని ఆ నియామక నిబంధనలు మొదటి నుంచి చివరిదాకా రెండు రోజులు చదివాను. ఇరవై మూడో పేజీలో దారి దొరికింది. ప్రయోగ పరీక్షలో ఒకే వంటకం పన్నెండు అంశాల్లోనూ విఫలమైతే దాన్ని పన్నెండు వైఫల్యాలుగా లెక్కించవచ్చట. ఆ కిందనే, పరీక్షలో విజయం సాధించిన అభ్యర్థి అనర్హుడు అని కూడా ఉంది. అంటే ఒక్క మండెగని ఆవిడ శ్రద్ధగా పాడుచేస్తే చాలు, అర్హత వచ్చేస్తుంది.

పరీక్ష సోమవారం. శనివారం ఆఫీసు అయ్యాక ఆవిడకి పాడుచెయ్యడం నేర్పడం మొదలుపెట్టాను.

"చక్కెర బదులు ఉప్పు చల్లండి" అన్నాను. చల్లింది. నేను ఇటు తిరిగేలోగా ఆ చెయ్యే మిరియాల పొడి, వేయించిన జీలకర్ర కూడా చల్లేసింది. ఇద్దరం కూచుని నాలుగేసి తిన్నాం. అంత బాగుంది.

"పోనీ దళసరిగా పొయ్యండి." పోసింది. అది రొట్టెలా పొంగింది. దాన్ని మధ్యాహ్నం మిగిలిన గోంగూర పచ్చడితో తిన్నాం.

"ఇలా లాభం లేదు. మాడబెట్టండి. పొగ వచ్చేదాకా ముట్టుకోవద్దు" అని అట్లకాడ తీసుకుని నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. వచ్చి చూస్తే మండెగ పళ్ళెంలో ఉంది. ఆవిడ వేళ్ళు ఊదుకుంటోంది. ఉత్త చేత్తో తీసేసింది.

"నేను తియ్యలేదండి. వాసన మారగానే చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అంది తప్పు చేసినదానిలా.

ఇక నేనే చేసి చూపిస్తానని పూనుకున్నాను. నాకు ఎవరూ నేర్పకుండానే బ్రహ్మాండంగా పాడైంది. నేను గర్వంగా చూపిస్తే ఆవిడ జాలిగా చూసి, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, "అలా కాదండీ, మణికట్టు వదులుగా ఉండాల" అంటూ సరిచేసి పారేసింది. నాకు ఒళ్ళు మండింది.

"మీకు ఉద్యోగం కావాలా వద్దా?"

"కావాలండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సోమారం ఎలాగోలా పాడుచేస్తానండి. ఒట్టు."

సోమవారం కార్యదర్శి గారు స్వయంగా వచ్చారు. వైఫల్యాన్ని ఆలింగనం చేసుకోలేని వ్యవస్థకు వికాసం లేదని నలభై నిమిషాలు చెప్పి, మేమంతా చప్పట్లు కొట్టాక, రెండు మండెగల మీదా తమ అభిప్రాయం చివర్లో చెబుతామని ప్రకటించి కూచున్నారు. ఆయన పక్కన కొలతల అధికారిణి హైమవతి గారు. డిప్యుటేషన్ మీద వచ్చి వారం కూడా కాలేదు. టేపు, తూకం, రంగుల పట్టిక, అద్దాల పెట్టెలోని నమూనా ముందు పెట్టుకున్నారు. ఆవిడకు మా కేంద్రం గురించి ఏమీ తెలియదు. రూలు పుస్తకంలో ఉన్నది చదవడం మాత్రం తెలుసు.

ముందు శశాంక్ వచ్చాడు. ఎప్పటిలాగే పొగ, ఎప్పటిలాగే దగ్గులు. పళ్ళెంలో పెడితే పళ్ళెం మోగింది. డైరెక్టరు గారు సంతృప్తిగా నవ్వి, "మా కేంద్రం గర్వించదగ్గ వైఫల్యం" అన్నారు.

హైమవతి గారు టేపు పెట్టారు. "మందం, ప్రమాణానికి సరిపోయింది."

డైరెక్టరు గారి నవ్వు కాస్త తగ్గింది.

"రంగు, సరిపోయింది. బరువు, సరిపోయింది." విరిచారు. టక్‌మంది. "శబ్దం, సరిపోయింది."

శశాంక్ పాపం ఏమీ అర్థంకాక మామయ్య వైపు చూశాడు. మూడు వందల పదిహేడింటి సగటు అతని చేతిదే మరి. ఎలా తప్పుతుంది? ఆ సగటును టైపు చేసినవాణ్ణి నేనే అయినా, నాకూ అంతవరకూ ఈ సంగతి తట్టలేదు. పన్నెండో అంశం రుచి. హైమవతి గారు చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసి, ధైర్యంగా మింగి, "సరిపోయింది" అని రాసుకున్నారు.

"ఈ అభ్యర్థి సంపూర్ణ విజయం సాధించారు. నిబంధన ప్రకారం అనర్హులు" అన్నారు.

డైరెక్టరు గారు గ్లాసెడు మంచినీళ్ళు తాగారు. నేను మాత్రం లేచి వసారాలోకి పరుగెత్తాను. నమూనాకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని, దేన్నీ పాడుచెయ్యవద్దని చెప్పాలి. వెళ్ళేసరికి ఆవిడ కుండ ముందు కూచుని ఉంది. పక్కన ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. పిడికిట్లో ఉప్పు.

నన్ను చూసి ఆ పిడికిలి డబ్బాలో విప్పేసింది. "నా వల్ల కాదండి గుమాస్తా గారూ. తినే నోటికి తెలిసి తెలిసి ఉప్పు కొట్టలేను. ఉద్యోగం పోతే పోయిందనుకుంటాను. కేకలెయ్యకండి" అంది.

చెప్పడానికి వచ్చిన మాట ఇక చెప్పక్కర్లేదు. ఆవిడ గుడ్డ తడిపి, కుండ వీపున ఒక్క విసురు విసిరింది.

పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, తల వంచుకుని గోడవారగా నిలబడింది. హైమవతి గారు టేపు తీశారు. మందం కొలవడానికి అందలేదు. "విఫలం" అన్నారు. రంగు విఫలం. బరువు విఫలం. విరిస్తే చప్పుడే రాలేదు, విఫలం. ఒక్కో మాటకి పేరిందేవమ్మ తల ఇంకొంచెం వంగిపోయింది. చివరికి హైమవతి గారు రుచి చూశారు. కళ్ళు మూసుకున్నారు, చాలాసేపు తెరవలేదు. తెరిచి, "రుచి... ప్రమాణానికి ఎక్కడా పొంతన లేదు. ఘోరంగా విఫలం" అన్నారు. ఇంకొకటి తీసుకున్నారు.

"ఘోరమా? ఏదీ, చూద్దాం" అని కార్యదర్శి గారు ఒకటి నోట్లో వేసుకున్నారు. రెండోది వేసుకున్నారు. "నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంతటి వైఫల్యాన్ని చూడలేదు. దీన్ని లోతుగా అధ్యయనం చెయ్యాలి. ఇంకా ఉన్నాయా?" అన్నారు. పొయ్యి మీద ఉన్నవన్నీ అధ్యయనానికి వెళ్ళాయి.

ఆ సాయంత్రమే నియామక ఉత్తర్వు టైపు చేశాను. 'పన్నెండు అంశములలోనూ ఆదర్శప్రాయముగా విఫలమైనందున శ్రీమతి పేరిందేవమ్మను శాశ్వత వంటమనిషిగా నియమించడమైనది.' కింద ఆవిడ అంగీకార సంతకం కావాలి. తనే వంట పాడుచేసినట్టు ఒప్పుకోవడమే కదా అది. ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వంట చెడగొట్టేనని రాసేరాండీ ఇందులో?"

"అవును. బాధపడకండి. అది వాళ్ళ భాష."

"పళ్ళెంలో ఏవన్నా వదిలేరా?"

"పొడి కూడా వదల్లేదు. కార్యదర్శి గారు వేలితో అద్ది మరీ తిన్నారు."

"అయితే ఎక్కడెట్టాలి సంతకం?" అంది.

పెట్టింది. సిరా ఆరేదాకా ఊది, కాగితం నాకిచ్చి, "పర్మినెంటోళ్ళకి సెలవులుంటాయి గదండీ?" అని అడిగింది. పదకొండేళ్ళలో ఆవిడ ఒక్కరోజు రాకపోతే ఆ రోజు జీతం లేదు, అందుకని జ్వరం వచ్చినా వచ్చేది. ఉంటాయన్నాను. "రేపు నేను రానండి" అని చెప్పి, ఎంత సంతోషంగా వెళ్ళిందో! నాకూ ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కార్యదర్శి గారు మర్నాటి ప్రయాణం మానుకున్నారు. అధ్యయనం పూర్తి కాలేదట. పదకొండు గంటలకు మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని బల్ల ముందు కూచుని, కండువా సర్దుకుని, మండెగలు తెమ్మన్నారు. శాశ్వత వంటమనిషి సెలవులో ఉన్నందున శశాంక్ తెచ్చాడు. హైమవతి గారు టేపు పెట్టి, పన్నెండు అంశాలూ ప్రమాణానికి సరిపోయాయని రాసి, నివేదిక ఆయన ముందు పెట్టారు. నియామక పరీక్ష లేని రోజున సాధించిన సంపూర్ణ విజయాన్ని పై అధికారి పూర్తిగా ఆరగించి, తృప్తి వ్యక్తం చేస్తూ సంతకం చెయ్యాలని ఇరవై మూడో పేజీలోనే ఉంది. మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆయన మొదటి ముక్క కొరికారు. టక్‌మంది. అది మండెగ శబ్దమో, ఆయన పన్ను శబ్దమో హైమవతి గారు ఇంకా తేల్చలేదు.